నీళ్ళా? నిల్లా?

దయ్యాలను నమ్మేంత తీరిక నాకెప్పుడూ దొరకలేదు. పొద్దున లేస్తే వంట, ఆ తర్వాత బడి, బడి నుంచి వచ్చాక మళ్ళీ వంట, వీటి మధ్యలో ఇంట్లో ఒక పెద్ద జబ్బు. ఇంత చాకిరీలో పై లోకం వాళ్ళ సంగతి కూడా పట్టించుకునే ఓపిక ఎవరికుంటుంది? స్టాఫ్ రూములో ఎవరైనా అలాంటి కథలు మొదలుపెడితే నేను తలెత్తకుండా పేపర్లు దిద్దుకునేదాన్ని. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మేం చెన్నైలో, చూలైలో ఉంటాం. మా ఆయన వాళ్ళది తాతల కాలం నుంచీ ఈ ఊరే. నాది గూడూరు. పెళ్ళయి ఇక్కడికి వచ్చి ముసలిదాన్ని కాబోతున్నాను.

నేను తెలుగు టీచర్ని. చెన్నైలో తెలుగు టీచరు ఉద్యోగం ఎలా ఉంటుందో చేసేవాళ్ళకే తెలుస్తుంది. నా క్లాసు పిల్లలకు ఇంటిపేరు ఒక్కటే తెలుగు, మిగతాదంతా తమిళం. వాళ్ళకు 'ల'కూ 'ళ'కూ తేడా చెప్పడంలోనే నా సగం సర్వీసు గడిచిపోయింది. తమిళంలోనూ 'ళ' ఉంది కదా, అయినా నాలుక మడవడానికి వాళ్ళకు బద్ధకం. నాలుక చివర వెనక్కి మడిచి, అంగిలికి తగిలించి "నీళ్ళు" అనండ్రా అంటే "నీల్లు" అంటారు. ఇంకొంచెం తొందరలో ఉన్నవాళ్ళు "నిల్లు" అంటారు. తమిళంలో నిల్లు అంటే ఆగు, నిలబడు అని. "ఏమిరా, దాహమేసిందా, నన్ను నిలబడమంటున్నావా?" అని నేను అడగడం, క్లాసంతా నవ్వడం ఏటా ఉండేదే.

ఇంట్లోనూ నాకు ఆ మాటే.

మా అత్తమ్మకు మూత్రపిండాలు పాడైపోయాయి. డయాలసిస్ మీద కొన్నేళ్ళు బతికింది. ఆ జబ్బున్నవాళ్ళను చూసుకున్నవారికి నేను చెప్పాల్సిన పని లేదు. లోపలికి పోయిన నీళ్ళు బయటికి రావు కాబట్టి తాగే నీళ్ళు కొలిచి ఇవ్వాలి. ఒక చిన్న స్టీలు గ్లాసు, దాన్నిండా కూడా కాదు. మధ్యలో గొంతు ఎండిపోతే ఐసు ముక్క చప్పరించడం, పుక్కిలించి ఉమ్మేయడం, తడిగుడ్డతో పెదాలు తుడవడం. మనిషి కళ్ళెదురుగా దాహంతో అల్లాడుతుంటే, బిందె నిండా నీళ్ళు పెట్టుకుని ఇవ్వకుండా కూర్చోవాలి. డాక్టరు చెప్పినట్టే చేశాను. ఆమె ఊపిరితిత్తుల్లోకి నీరు పట్టి ఆయాసపడిన రోజు చూశాక, ఆ గ్లాసు దాటి ఒక్క గుటక కూడా ఎక్కువ ఇచ్చే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

ఆమె ఎప్పుడూ రెండుసార్లు అడిగేది. మొదట గట్టిగా, "నీళ్ళు!" అని. రెండోసారి లోగొంతుతో, తనలో తాను అనుకుంటున్నట్టు, "నీళ్ళు..." అని. అడిగినా ఇవ్వరని ఆమెకు తెలుసు. అయినా అడగకుండా ఉండలేకపోయేది.

పోనుపోను పళ్ళు ఊడిపోయాయి, నాలుక ఎండి చెక్కలా అయిపోయింది. నాలుక మడత పడకపోయేసరికి ఆ మాట కూడా అరిగి, మా క్లాసు పిల్లల మాటలాగే తయారైంది. సూది వేయడానికి ఒక తమిళ నర్సమ్మ వచ్చేది. ఆమె పని ముగించుకుని గుమ్మం దాటబోతుంటే మంచం మీద నుంచి అత్తమ్మ కేకేసేది. నర్సమ్మ కాలు గాల్లో ఉండగానే ఠక్కున ఆగిపోయి, "ఎన్న పాటి?" అని, ఏమి అవ్వా అన్నట్టు వెనక్కి తిరిగేది. ఆగమన్నదని ఆమె అనుకునేది, నీళ్ళడిగిందని మాకు తెలుసు. ఒకసారి అత్తమ్మ కూడా నవ్వేసింది. నవ్వేసరికి పెదాలు పగిలి నెత్తురు వచ్చింది.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఆమె చనిపోయింది, ఆసుపత్రిలో. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. మా ఆయనా నేనూ బయట బెంచీ మీద కూర్చున్నాం. చివరికి ఎవరైనా ఆమె నోట్లో ఒక చెంచాడు నీళ్ళు పోశారో లేదో మాకు తెలియదు. అడిగితే ఒక నర్సు పోశామంది, ఇంకో నర్సు తనకు తెలియదంది.

నన్ను తినేసింది అదే. చాకిరీ కాదు, చావు కూడా కాదు. ఆమె దాహంతో పోయిందా, తీరి పోయిందా? నాకు కావలసిందల్లా ఆ ఒక్క జవాబు. దాన్ని చెప్పేవాళ్ళు లేరు.

ఆ తర్వాత నాకు ఒక రకమైన అలసట పట్టుకుంది. పడుకుంటే పోయేది కాదు. కుళాయి బుసకొట్టినా, కుక్కరు ఆవిరి వదిలినా "నీళ్ళు" అన్నట్టే వినిపించేది. లేచి వెళ్ళి ఆ చిన్న గ్లాసులో సగం పోశాక గాని మంచం ఖాళీ అని గుర్తొచ్చేది కాదు. దీన్ని నేను దయ్యం ఖాతాలో వేయడం లేదు. చెవికి పడ్డ అలవాటు అది. ఏళ్ళ తరబడి ఒకే మాట వింటే చెవి దానంతటదే వినడం మొదలుపెడుతుంది.

నా కూతురు దివ్య ఇదంతా చూస్తూనే ఉంది. ఒకరోజు ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. ఆడవాళ్ళకు మాత్రమేనట. పులికాట్ సరస్సులోని దీవుల మధ్య రెండు రోజులు సైకిళ్ళ మీద తిరగడం. బ్యాటరీ ఉన్న సైకిళ్ళు, తొక్కుతుంటే మోటారు సాయం చేస్తుంది. తోడుగా ఒక గైడు. నన్ను అడగకుండానే పేరు ఇచ్చేసింది.

మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఈ వయసులో కరెంటు సైకిలా? ఆడ పడి కాలిరిగితే ఎవురు చూస్తారు?"

"నాయనా, నువ్వు సుమ్మా గమ్మునుండు," అంది దివ్య. "అమ్మ ఇల్లు కదిలి ఎన్ని రోజులాయె? ఈడ నేను చూసుకుంటా."

నాకు వెళ్ళాలనీ లేదు, వద్దని వాదించే ఓపికా లేదు. అందుకే వెళ్ళాను.

తెల్లారుతూనే వ్యాను వచ్చింది. వ్యాసర్పాడి దాటేసరికే నిద్రపోయాను. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా సరస్సు, ఒడ్డున పడవల్లోకి సైకిళ్ళు ఎక్కిస్తున్నారు.

మా గైడు పేరు సెల్వి. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. మెడలో ఈల, ఎండకు కమిలిన చేతులు, అందర్నీ "అక్కా" అని పిలిచే అలవాటు. తమిళం తప్ప మరో భాష రాదు. బయలుదేరే ముందు రెండు సంగతులు చెప్పింది. ఒకటి, ఆపాలంటే తను ఒక పొడుగాటి ఈల వేస్తుంది, ఎవరూ కేకలు వేయొద్దు, గాలికి కేకలు వినపడవు. రెండు, దీవుల మధ్య మట్టి కట్టల మీద అక్కడక్కడా చీలమండ లోతు నీళ్ళు ఉంటాయి. అది చూసి భయపడి బ్రేకు వేస్తే టైరు బురదలో జారుతుంది. వేగం మార్చకుండా నేరుగా దాటిపోవాలి. మాతో రెండు మూడుసార్లు చేయించింది కూడా.

మా గుంపులో ఇంకొక తెలుగమ్మాయి ఉంది, సింధు. గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చి చెన్నైలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తోంది. నేను తెలుగు టీచర్నని తెలియగానే నన్ను వదిలితే ఒట్టు. "ఈ ఊళ్ళో తెలుగు వినపడితే చాలండీ, ప్రాణం లేచొస్తుంది," అంటూ నా పక్కనే తొక్కింది. నేను మాటల్లో "ఆడ నీడ ఉండాది, పోయి కూర్చుందాం" అన్నాను. ఆ పిల్ల అయోమయంగా చూసి, "ఆడనీడ ఏంటి మేడం? ఆడవాళ్ళకు వేరే నీడ ఉంటుందా?" అంది. నేను నవ్వాను. చాలా రోజుల తర్వాత నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

ఆ మొదటి రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నీళ్ళు, ఇసుక, తాటిచెట్లు, ఎండుచేపల వాసన. మిగతావాళ్ళు కొంగలను చూసి మురిసిపోతూ ఫోటోలు తీసుకున్నారు. నేను ఆగిన చోటల్లా నీడ వెతుక్కుని కూర్చున్నాను. సైకిలు మాత్రం నచ్చింది. ఎవరో వెనక నుంచి మెల్లగా తోస్తున్నట్టు వెళ్ళిపోతుంది. ఇన్నేళ్ళూ అన్నీ నేను తోస్తేనే కదిలాయి, ఒక్కసారి నన్ను ఎవరైనా తోస్తే ఇలా ఉంటుందా అనిపించింది. రాత్రి ఒక రేకుల షెడ్డులో పడుకున్నాం. కుళాయి లేదు, కుక్కరు లేదు. ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

జరిగింది రెండో రోజు మధ్యాహ్నం. భోజనాలయ్యాక తిరుగు ప్రయాణం. చివరి దీవికి ఒక పొడవాటి మట్టి కట్ట మీదుగా వెళ్ళాలి, దాని కొసన పడవ ఉంటుంది. కట్ట మొదట్లోనే ఒకావిడ టైరు పంక్చరైంది. సెల్వి ఆగి సామాన్లు బయటికి తీసింది. మిగతావాళ్ళు అక్కడి తాటిచెట్ల కింద చేరారు. నాకు కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని భయం వేసింది. నేను మెల్లగా ముందు పోతుంటానన్నాను. "పోండక్కా, నేరు దారే. పోయిన వారం నేనే వచ్చి చూసిపోయాను," అంది సెల్వి. సింధు కూడా నాతో బయలుదేరింది.

కొంత దూరం పోయాక సింధు ఫోటోల కోసం ఆగింది. నేను ఆగలేదు.

ఎండ నీళ్ళ మీద పడి కళ్ళలో గుచ్చుతోంది. కళ్ళు సగం మూసుకునే తొక్కుతున్నాను. కడుపునిండా అన్నం, ఒళ్ళంతా అలసట, మోటారు జోరీగలా ఒకే తీరున మోత. సగం నిద్రలో ఉన్నానని నేనే ఒప్పుకుంటున్నాను. ముందు మళ్ళీ కట్ట మీద నీళ్ళు కనిపించాయి. అలాంటివి అప్పటికి చాలా దాటాం. సెల్వి నేర్పినట్టు బ్రేకు మీద నుంచి వేళ్ళు తీసేసి, హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు నా వెనక, బాగా దగ్గర్లో, "నీళ్ళు!" అని వినిపించింది.

నేను ఆగిపోయాను. ఎందుకు ఆగానో స్పష్టంగా చెప్పాలి. ముందు నీళ్ళున్నాయని ఎవరో హెచ్చరించినట్టు నాకు తోచలేదు. అలా తోచి ఉంటే ఆగేదాన్నే కాదు, నీళ్ళు చూస్తే ఆగొద్దనే కదా మాకు నేర్పింది. అడిగినట్టు వినిపించింది. అడిగితే నేను ఏళ్ళుగా ఏం చేస్తున్నానో అదే చేశాను.

కాలు కింద ఆనించాను. సైకిలుకు తగిలించిన బాటిల్ తీసి, మూత విప్పి, వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచాను. ఇంట్లో నా కుర్చీ అత్తమ్మ మంచానికి వీపు పెట్టి ఉండేది. పేపర్లు దిద్దుతూ దిద్దుతూ గ్లాసు అలాగే వెనక్కి అందించేదాన్ని.

చెయ్యి చాచి ఉండగానే రెండోసారి వినిపించింది. ఈసారి లోగొంతుతో. "నీళ్ళు..."

ఎవరూ బాటిల్ అందుకోలేదు. తల తిప్పి చూశాను. కట్ట ఖాళీగా ఉంది. చాలా వెనక సింధు సైకిలు దిగి నిలబడి ఉంది. అటూ ఇటూ పడవ లేదు, మనిషి లేడు, గుడిసె లేదు. నీళ్ళూ ఎండా తప్ప ఏమీ లేదు.

భయం అప్పుడు వేసింది. చేతిలోంచి బాటిల్ జారి కిందపడి, దొర్లుకుంటూ నా ముందున్న నీళ్ళలోకి పోయింది. చీలమండ లోతు నీళ్ళయితే అక్కడే పడి ఉండాలి. అది పక్కకు కొట్టుకుపోయింది. ఒక్కసారి గిర్రున తిరిగి, మునిగి, మళ్ళీ కనబడలేదు.

అప్పుడు కళ్ళు పూర్తిగా తెరిచి చూశాను. నా ముందు చక్రానికి రెండు జానల అవతల కట్ట లేదు. గండి పడి ఉంది. పైన పలుచగా, కదలనట్టు కనబడుతోంది గాని కింద నీళ్ళు సరస్సులోకి గుంజుకుపోతున్నాయి. నాకు ఈత రాదు. ఆ సైకిలు బరువు నేనొక్కదాన్నే ఎత్తలేను. వేగం మార్చకుండా పోయి ఉంటే ఏమయ్యేదో చెప్పడానికి నేను ఉండేదాన్ని కాదు.

సింధు సైకిలు అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. చేతిలో తన బాటిల్ ఉంది.

"నీళ్ళడిగారుగా మేడం, తెచ్చాను. మీ బాటిల్ ఎవరికి ఇస్తున్నారు? అక్కడ ఎవరూ లేరే?" అంది.

నేను అడగలేదని చెప్పాను. ఆ పిల్ల ఒప్పుకోలేదు. తనకు స్పష్టంగా వినబడిందంది. బాగా పెద్దావిడ గొంతులా ఉంటే, దాహానికి నా గొంతు ఎండిపోయి అలా వచ్చిందేమో అనుకుందట. "నీళ్ళు అని రెండుసార్లు అన్నారు కదండీ?" అని నన్నే అడిగింది.

ఇంతలో సెల్వి వచ్చింది. ఈల వేసుకుంటూ, అప్పటిదాకా నేను చూడని వేగంతో తొక్కుకుంటూ వచ్చింది. దిగుతూనే, "యారుక్కా నిల్లున్ను కత్తినదు?" అంది. నిల్లు అని అరిచింది ఎవరు అని.

ఎవరూ అరవలేదన్నాను. ఆమె నా మాట పట్టించుకోకుండా నేరుగా గండి దగ్గరకు పోయింది. ఒడ్డున పడి ఉన్న వెదురుగడ తీసుకుని లోపలికి గుచ్చింది. గడ మొత్తం దిగిపోయింది, నేల తగల్లేదు. ఆమె గడ వదిలేసి అక్కడే కూలబడి, రెండు చేతులతో తల పట్టుకుంది. తను చూసిపోయిన తర్వాత కురిసిన వానకు తెగి ఉంటుందని చెప్పింది. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆమెను చూసి సింధు కూడా ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు. నా మనసంతా ఆ మాట మీదే ఉంది.

ఎలా అరిచారో ఒకసారి అని చూపించమని సెల్విని అడిగాను. ఆమె కళ్ళు తుడుచుకుని అంది. మొదట గట్టిగా, "నిల్లు!" రెండోసారి లోగొంతుతో, తనలో తాను అనుకుంటున్నట్టు, "నిల్లు..."

అత్తమ్మ సంగతి వాళ్ళిద్దరిలో ఎవరికీ నేను అప్పటికి ఒక్క మాట కూడా చెప్పలేదు.

సాక్ష్యం కావాలంటారు కాబట్టి ఇంకో సంగతి కూడా రాస్తాను. పంక్చరైన చోట సెల్వి పక్కనే ఉన్న ఆడవాళ్ళెవరికీ ఏమీ వినబడలేదు. ఆమె ఉన్నట్టుండి చేతిలోని పంపు పారేసి సైకిలెక్కితే వాళ్ళు ఆశ్చర్యపోయారట. సెల్వికి కూడా అనుమానం వచ్చి, సింధును గండి దగ్గర నిలబెట్టి గొంతు చించుకుని అరవమని చెప్పి, నన్ను తీసుకుని తిరిగి తాటిచెట్ల దగ్గరకు వెళ్ళింది. అక్కడ ఉన్న మాకెవరికీ చిన్న శబ్దం కూడా వినబడలేదు. గాలి అటు నుంచి ఇటు కాదు, ఇటు నుంచి అటు వీస్తోంది. పైగా ఈల తప్ప కేకలు వద్దన్నది సెల్వే. పరాయివాళ్ళెవరైనా నా వయసు మనిషిని ఆపాలంటే మర్యాదగా "నిల్లుంగ" అంటారు గాని, చిన్నపిల్లను అన్నట్టు "నిల్లు" అనరు.

కబురు పెట్టి పడవను ఇటు వైపుకే రప్పించుకుని సాయంత్రానికి ఒడ్డుకు చేరాం.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. దివ్య ఓపిగ్గా విన్నది. "నిద్రమత్తులో నువ్వే అరిచుంటావమ్మా, నీకే తెలీకుండా," అంది. నాకూ ఆ ఆలోచన వచ్చింది. కాదని గట్టిగా చెప్పలేను. కానీ నేను అరిస్తే నా వెనక నుంచి నాకెలా వినిపిస్తుంది, అంత దూరంలో ఉన్న సెల్వికి ఎలా వినిపిస్తుంది?

మా ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. "అమ్మ ఇంట్లో అరవం మాట్లాడనిచ్చేది కాదు, నీకు తెలుసు కదా," అన్నాడు. తెలుసన్నాను.

"చిన్నప్పుడు నన్నూ తమ్ముణ్ణీ జార్జి టౌనుకు తోడుకుని పోయేది. ఆడ చేతిబండ్లు, బస్సులు, ఒకటే తోపులాట. మేము చెయ్యి విడిపించుకుని పరిగెత్తితే ఎనక నుంచి 'నిల్లు!' అని అరిచేది. రోడ్డు మీద మాత్రం అమ్మకు ఆ మాట అరవంలోనే వచ్చేది. తెలుగులో చెప్తే ఈ పిల్లకాయలు ఆగరు అనేది." ఇంత చెప్పి కంచం ముందు నుంచి లేచిపోయాడు. చాలాసేపు పెరట్లో కుళాయి శబ్దం వినిపించింది.

రెండుసార్లు అరిచేదా, ఒక్కసారేనా అని తర్వాత అడిగాను. ఆయనకు గుర్తు లేదు.

అప్పటి నుంచి నేను ఈ లెక్క తేల్చుకోలేక పోతున్నాను. సింధు ఇప్పటికీ ఫోను చేస్తుంది, "నీళ్ళే అన్నారు మేడం, నా చెవులతో విన్నాను," అంటుంది. సెల్వి నిల్లు అనే అంటుంది, తన బిడ్డ మీద ఒట్టు కూడా వేసింది. నేనా? నా వృత్తే ఈ తేడా చెప్పడం. 'ఈ' దీర్ఘమా హ్రస్వమా, నాలుక మడత పడిందా లేదా అని వెనక బెంచీ పిల్లాడి నోట్లోంచి వచ్చినా పట్టుకుంటాను. కానీ అత్తమ్మ ఎండిన నాలుక మీద ఆ రెండు మాటలూ ఒకటైపోయి ఎన్నాళ్ళయిందో. కట్ట మీద నాకు వినిపించింది ఆ గొంతే. అందులో ఏ మాట ఉందో మాత్రం నేను చెప్పలేను.

నిల్లు అయితే, ఆమె నన్ను ఆపింది. ఇన్నేళ్ళు దాహంతో ఉంచిన కోడల్ని పోనివ్వకుండా వెనక నుంచి పిలిచి కాపాడింది. నీళ్ళు అయితే, ఆమెకు ఇంకా దాహం తీరలేదు. ఆ రోజు నేను చాచిన బాటిల్ కూడా ఆమెకు అందలేదు. లేక గండిలో పడి పోయింది కాబట్టి అందినట్టా? ఇది కూడా నాకు తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పమని అడగాలని ఉంటుంది, ఎవరిని అడగాలో తెలియదు.

ఇరవై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పి బతికినదాన్ని. ఆ ఒక్క మాట మాత్రం తమిళమే అయి ఉండాలని కోరుకుంటున్నాను.

మొన్న నేను బోర్డు మీద రాస్తుంటే వెనక నుంచి ఒక చిన్నపిల్ల లేచి, "టీచర్, నిల్లు..." అంది. నా చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. తిరిగి చూస్తే ఆ పిల్ల ఖాళీ బాటిల్ పట్టుకుని నిలబడి ఉంది. క్లాసంతా నవ్వడానికి సిద్ధంగా నా ముఖం వైపు చూస్తోంది, నేను ఏటా అడిగే ప్రశ్న అడుగుతానని.

నేను అడగలేదు, దిద్దలేదు. పో తల్లీ, కడుపునిండా తాగి రా అన్నాను.